అలిపిరి మెట్లూ - ఆడవాళ్ళ ఎముకలూ

తిరుపతి అనగానే మనకు దర్శనం, లడ్డూ, తలనీలాలు గుర్తుకొస్తాయి. ఈసారి వెళ్ళినప్పుడు అలిపిరిలో పాదాల మండపం దగ్గర కాసేపు ఆగి చూడండి. పసుపు, కుంకుమ చేత పట్టుకుని మెట్టు మెట్టుకీ బొట్టు పెడుతూ ఎక్కే స్త్రీలు ఎందరో! వాళ్ళలో అరవై దాటినవారూ ఉంటారు.

వ్యాయామం మాట వస్తే ఆ వయసువాళ్ళు రెండు రకాలుగా చెబుతుంటారు. "ఇంట్లో పనే బోలెడు వ్యాయామం, బయట తిరగక్కర్లేదు" అని కొందరు. "రోజూ చీకటితోనే లేచి వాకింగ్ చేస్తున్నాం, ఇంకేం కావాలి?" అని కొందరు. ఎముకల విషయంలో ఈ రెండూ సగం సగం నిజాలే. ఎందుకో ఈ కొండదారిలో నడుస్తూ చెప్పుకుందాం, రండి.

అలిపిరి నుంచి తిరుమలకు 3550 మెట్లు. చంద్రగిరి వైపున్న శ్రీవారి మెట్టు దారిలో 2388. అలిపిరి దారిలో గాలిగోపురం దాకా ఆయాసపెట్టే ఎక్కుడు. ఆ తర్వాత జింకల పార్కు, ఏడో మైలు ఆంజనేయస్వామి వరకు నడక కాస్త తేలిక. చివర్లో మళ్ళీ మోకాళ్ళ పర్వతం. దాని సంగతి పేరులోనే ఉంది కదూ!

ఎముక ఎండుకట్టె కాదండీ, ప్రాణమున్న వస్తువు. మోసే బరువును బట్టి అది గట్టిపడుతుంది. నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజెన్ తగ్గి, మొదటి కొన్నేళ్ళలోనే ఎముకలు త్వరత్వరగా గుల్లబారతాయి. నొప్పి ఉండదు కాబట్టి సంగతి తెలీదు. ఏ బాత్‌రూములోనో జారి పడి, మణికట్టో తుంటో విరిగిన రోజున తెలుస్తుంది. తుంటి విరిగితే, నిన్నటిదాకా పదిమందికి వండిపెట్టిన మనిషి మంచినీళ్ళకి కూడా ఇంకొకరిని పిలవాల్సి వస్తుంది. అందుకే మన బరువు మన కాళ్ళ మీద పడే వ్యాయామం కావాలి. మెట్లెక్కడం, చురుగ్గా నడవడం అలాంటివే. ఈత, సైకిలు గుండెకి మంచివే గానీ, ఎముక మీద బరువు పెద్దగా వెయ్యవు.

ఈ పని కొంత ఇంట్లోనూ జరుగుతుంది. వంటింటి గట్టు పట్టుకుని మునివేళ్ళ మీద పదిసార్లు లేవండి. చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోండి. గట్టు పక్కనే నిలబడి ఒంటికాలి మీద కాసేపు ఆగండి. పడిపోకుండా నిలదొక్కుకునే శక్తి దీనివల్ల వస్తుంది. అపార్ట్‌మెంటు మెట్లున్నాయి, కమ్మీ పట్టుకుని ఎక్కచ్చు.

అయితే నాలుగ్గోడల మధ్య దొరకనిది ఒకటుంది. అది ఎండ. తిన్న కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి కావాలి. అది ఎండ తగిలిన చర్మంలో తయారవుతుంది. ఇంత ఎండ కాసే తిరుపతిలోనే, స్విమ్స్ వైద్యులు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని పరీక్షిస్తే, పల్లెల్లోనూ పట్నంలోనూ చాలామందికి ఈ విటమిన్ తక్కువగా ఉందని తేలింది. ఆ పరిశోధన 2007లో అచ్చయింది. అక్కడి ఎండలో ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 లోపు విటమిన్ డి బాగా తయారవుతుందని 2013లో మరో పరిశోధన చెప్పింది. అంటే చీకటితో చేసే వాకింగు కాళ్ళకి మంచిదే గానీ, ఈ అవసరం తీర్చదు. కిటికీ అద్దం లోంచి పడే ఎండా తీర్చదు. అలిపిరి దారికి చాలావరకు పైకప్పు ఉంది కదా, ఆ నీడలో ఎక్కినా అంతే.

అలాగని మిట్టమధ్యాహ్నం మండుటెండలో తిరగమని కాదు. చలికాలంలో డాబా మీద వడియాలు పెట్టేటప్పుడు, బట్టలారేసేటప్పుడు ముఖానికి, చేతులకి కాసేపు ఎండ తగలనివ్వండి. వేసవిలో పది గంటల ప్రాంతంలో కొద్దిసేపు చాలు. లోపం ఎక్కువగా ఉంటే ఎండ ఒక్కటే సరిపోదు, డాక్టరు చెప్పిన మందు వాడాలి. పాలు, పెరుగు, రాగిజావ, నువ్వులు ఎలాగూ మన వంటింట్లోవే.

ఇక జాగ్రత్తలు. ఎముకలు గుల్లబారాయని ముందే తెలిసినవారు, గుండె జబ్బు, మోకాళ్ళ నొప్పులు ఉన్నవారు డాక్టరుని అడగకుండా కొండెక్కవద్దు. వెన్నుపూస బలహీనంగా ఉంటే మెట్టు మెట్టుకీ వంగి బొట్టు పెట్టడం కూడా మంచిది కాదు. మొదటి మెట్టుకి పెట్టి దణ్ణం పెట్టుకోండి, స్వామి ఏమీ అనుకోడు!

మొక్కు తీర్చుకోవాలని ఉంటే మూడు నెలల ముందునుంచే మీ ఇంటి మెట్లతో మొదలుపెట్టండి. ఒక అంతస్తు, తర్వాత రెండు. ఏడాదికొకసారి ఎక్కే 3550 మెట్లు పుణ్యానికి. రోజూ ఎక్కే ముప్ఫై మెట్లు, డాబా మీద కాస్త ఎండ మాత్రం మీ ఎముకలకి.