నీళ్లు మానేస్తే తగ్గేది కాదు

బొగ్గు గనులున్న మా లాల్‌పేట్‌లో మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే. అలాంటి ఎండలో చంటిబిడ్డను చంకనేసుకుని, అత్తను వెంటబెట్టుకుని ఒకామె మా ఆస్పత్రికి వచ్చింది. మూత్రంలో మంట, అదీ మళ్లీ మళ్లీ. మందు రాసి పంపడం తేలికే. నీళ్లు ఎన్ని తాగుతున్నావని అడిగాను. "పొద్దుగాల ఒక గిలాస, అన్నంల ఒక గిలాస" అంది. పాలిచ్చే తల్లి! అత్తను బయట కూర్చోమన్నాక అసలు సంగతి చెప్పింది. దగ్గినా తుమ్మినా, బిందె ఎత్తినా బట్టలు తడుస్తున్నాయి. "నీళ్లు తాగకుంటే పడది గదా అమ్మా."

పడుతుంది. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మూత్రసంచిని రేపుతుంది. మూత్రానికి ఉరుకులాట ఎక్కువవుతుంది, ఇన్ఫెక్షన్ తిరగబెడుతుంది. మా దగ్గర ఎండాకాలంలో ఇది మరీ ప్రమాదం.

బొగ్గు గనుల పనికి కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చి ఇక్కడ పాతుకుపోయిన తెలుగు కుటుంబాల్లో ఆమెదీ ఒకటి. ఈ ఇళ్లలో కాన్పయితే పత్యం, నడికట్టు, సాంబ్రాణి పొగ, అన్నిటికీ ఒక పద్ధతి ఉంది. ఆస్పత్రి కాన్పయితే ఆశా కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికొచ్చి తల్లీబిడ్డల్ని చూసిపోవాలి. ఇంతమంది కనిపెట్టుకుని ఉండే ఇంట్లోనూ "దగ్గితే పడుతోందా?" అని అడిగినవాళ్లున్నారని నాతో చెప్పిన బాలింతలు అరుదు. కాన్పయిన ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరికి ఉండే బాధ ఇది.

ముందు వైపు కటి ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా, నవారు మంచంలా పరుచుకున్న కండరాలు మూత్రసంచిని, గర్భసంచిని కింది నుంచి మోస్తుంటాయి. కడుపు బరువుకి అవి సాగుతాయి, కాన్పులో ఇంకా సాగుతాయి, కొన్నిసార్లు చినుగుతాయి. ఆపరేషన్ కాన్పులో ఈ బాధ తక్కువే గానీ బొత్తిగా రాదని కాదు. ఈ కండరాలకు కసరత్తు నేర్పవచ్చని 1948లో అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ రాశాడు. నేటికీ మొదటి వైద్యం అదే.

ఆమెను వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్లు మడవమన్నాను. నలుగురిలో గ్యాస్ వస్తుంటే ఎలా ఆపుకుంటావో అలా లోపలికి, పైకి లాగమన్నాను. మొదట పిర్రలు బిగించింది, ఊపిరి బిగబట్టింది. కడుపు మీద ఆమె చెయ్యే పెట్టించి, అది కదలకూడదన్నాను. కాసేపటికి దొరికింది, ముఖంలో తెలిసింది. అయిదు అంకెలు లెక్కపెట్టే దాకా పట్టి ఉంచి, అంతసేపూ వదిలెయ్యాలి. విడతకు ఎనిమిదిసార్లు, రోజుకు మూడు విడతలు, కనీసం మూడు నెలలు. దగ్గు వస్తోందనగానే, బిందె ఎత్తబోయే ముందు ఒకసారి బిగించాలి. మూత్రానికి కూర్చున్నప్పుడు మధ్యలో ఆపి సాధన చేయకూడదు. సంచి పూర్తిగా ఖాళీ కాని అలవాటు పడవచ్చు. మలబద్ధకం ఉంటే ముందు దాన్ని సరిచేయాలి, ముక్కడం కూడా ఈ కండరాలకు చేటే.

చెయ్యి పెట్టి పరీక్షించి నేర్పాలని నేను పట్టుబట్టడానికి కారణం ఇంకో అమ్మాయి. ఫోన్‌లో వీడియో చూసి నెలల తరబడి శ్రద్ధగా చేసింది, గుణం కనిపించలేదు. చూస్తే పైకి లాగాల్సింది పోయి కిందికి ముక్కుతోంది. అంత కష్టపడీ లోపం తనదేననుకుని కుంగిపోయింది. సరిగ్గా చేయడం పట్టుబడ్డాక కొన్ని వారాలకే మార్పు మొదలైంది.

అందరికీ కసరత్తు ఒక్కటే సరిపోదు. రాత్రీ పగలూ చుక్కలు చుక్కలుగా ఆగకుండా పడుతుంటే, ముఖ్యంగా నొప్పులు మరీ ఎక్కువసేపు పడ్డ కాన్పు తర్వాత, మూత్రసంచికి రంధ్రం పడిందేమో చూడాలి. దానికి చాలావరకు శస్త్రచికిత్సే దారి. మూత్రం అసలు రాకపోయినా, రక్తం పడినా, చలిజ్వరం వచ్చినా ఆగకుండా ఆస్పత్రికి రావాలి.

మంటకు మందు రాసి, నీళ్లు దాహం తీరా తాగమని చెప్పాను. ఆమె లేస్తూ గొంతు తగ్గించి, "మా అత్తకు గూడ గిట్లనే ఉంటది. ఆమె చేస్తే గుణమొస్తదా?" అంది. వస్తుంది, వయసు అడ్డం కాదు. అత్తను లోపలికి పిలిచి, కోడలిని బయటికి పంపి పరీక్ష చేశాను. గర్భసంచి కొంచెం జారింది. ఏళ్లుగా నడుము నొప్పి అనుకుంటూ మోస్తోందట. ఆమెకు లోపల గర్భసంచిని పట్టి ఉంచే రింగు అమర్చి, కోడలికి చెప్పిన కసరత్తే నేర్పాను.