కీర్తనల పుస్తకము చేతులు మారుట

దైవసేవలో నాయకత్వము ఒకరినుండి మఱియొకరికి సంక్రమించునపుడు ఏదో యొక వస్తువును చేతికిచ్చుట పూర్వాచారము. బైబిలు చదివిన వారికి ముందుగా జ్ఞప్తికి వచ్చునది ఏలీయా దుప్పటి. పండ్రెండు జతల యెడ్లతో పొలము దున్నించుచున్న ఎలీషా మీద ఏలీయా ఆ దుప్పటిని వేసి సాగిపోయెను. ఎలీషా ఒక కాడి యెడ్లను కోసి, కాడి కఱ్ఱలనే వంటచెఱకుగా చేసి జనులకు విందు పెట్టి, గురువు వెంట వెడలెను. పిదప ఏలీయా సుడిగాలిలో ఆరోహణమైనపుడు ఆ దుప్పటి క్రింద పడినది. గురువు దానిని చేతికి అందించెనని గ్రంథమున లేదు. శిష్యుడే వంగి తీసికొనెను. ఈ సంగతిని మన ప్రసంగీకులు తఱచు దాటిపోవుదురు.

మన కాలపు ఆచారము వేఱు. 1947 సెప్టెంబరు 27న ఈ చెన్నపట్టణమునందలి సెయింట్ జార్జి కెథీడ్రలులో దక్షిణ ఇండియా సంఘము అవతరించినది. ఆ సంఘమున బిషపుగా అభిషిక్తుడగు వాని చేతికి బైబిలును, కాపరి దండమును ఇత్తురు. తల వంకరగా నున్న ఆ దండము తప్పిపోవు గొఱ్ఱెను వెనుకకు లాగుటకు ఏర్పడిన పనిముట్టు. అది కాలక్రమమున అలంకారమైనది; మా వారికి కూడ ఆ అలంకారము మీదనే మనసు పోయినది.

మాది చిన్న తెలుగు ప్రార్థనా సంఘము. మా తాతలు గుంటూరు, నెల్లూరు సీమలనుండి రైల్వే పనులకు, మిల్లు పనులకు వచ్చి యిచ్చటనే స్థిరపడినవారు. 40 ఏండ్లు మా సంఘమును నడపిన అయ్యగారు 78వ యేట బాధ్యతను దించుకొన నిశ్చయించిరి. కార్యవర్గమున కొందఱు వెండికట్ల దండమొకటి చేయించి క్రొత్త వానికి ఇప్పింపవలెనని తలచి, వెండి కొట్టుకు పోయి వెల కూడ కనుగొని వచ్చిరి. అయ్యగారు విని, "నాయనలారా, మనలో బిషపు లేడు. ఉన్నవి నలుబది గడపలు. వెండి యెందులకు?" అని నవ్విరి.

ఆ ఆదివారమున వారు ఇచ్చినది తమ 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు'. అట్ట రెండు మారులు మార్పించిన పుస్తకమది. కీర్తన తలకట్టున అచ్చైన రాగతాళముల ప్రక్కన వారు పెన్సిలుతో హార్మోనియము శ్రుతిని వ్రాసికొనిరి. దాని క్రింద, ఎవరి పెండ్లిలో, ఎవరి భూస్థాపనలో ఆ కీర్తన పాడితిమో, ఆ తేదీ. మా కుటుంబముల చరిత్ర మఱియెచ్చటను వ్రాసియుండలేదు. మా తల్లిగారి పేరు కూడ ఆ అంచులలోనే యున్నది.

చిక్కు ఏమనగా, దానిని అందుకొనిన యువకుడు తమిళమున, ఇంగ్లీషున చదువుకొన్నవాడు. ఇంట తెలుగు మాటాడును గాని లిపి తడుముకొని చదువును. "చదువరాని వానికి పుస్తకమా?" అని వెనుక వరుసలో గొణిగిరి. ఆ గొణుగులో ఉన్నది అసూయ కాదు, భయము. ఆరాధనను తమిళమునకు మార్చిన సులభముగా నుండునని పిల్లలు అదివఱకే అనుచుండిరి. అట్లు మాఱిన యెడల మా వీధిలో తెలుగు వినబడు చోటు మఱి లేదు.

మేము ఆ భయమును ఎఱుగుదుము. కాని ఆ పుస్తకము చరిత్ర వేఱొక మాట చెప్పును. అందు పెక్కు కీర్తనలను రచించిన పురుషోత్తమ చౌదరి (1803–1890) వంగ కుటుంబమున పుట్టినవాడు. పర్లాకిమిడి ప్రాంతము వాడు. ఆ సీమలో కొంతభాగము 1936లో ఒరిస్సాలో చేరినది. దోర్నకల్లు బిషపు అజరయ్య తిరునెల్వేలి మండలపు తమిళుడు. తెలుగు నేర్చి తెలుగువారి నడుమ పని చేసి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడై, ఆంగ్లికను సంఘమున తొలి భారతీయ బిషపైనాడు. 1945 జనవరి 1న కన్నుమూయు వఱకు ఆ పదవియందే యుండెను. తల్లిభాష తెలుగు కాని వారిర్వురు దానిని పట్టుదలతో సొంతము చేసికొనిరి. ఇంట తెలుగున్న కుఱ్ఱవానికి అది అసాధ్యమని మేమెట్లనగలము?

అయ్యగారు ఉపన్యసింపలేదు. పుస్తకమును రెండు చేతులతో అందించి, "తమ్ముడూ, అంచులలో ఇంకను చోటున్నది" అనిరి. అతడు, "అలాగేనండి అయ్యగారూ" అని తలవంచి తీసికొనెను.

మఱుసటి వారము అతడు కీర్తనను తమిళ లిపిలో వ్రాసికొని వచ్చెను. తమిళమున క, గ లకు ఒకే అక్షరము గదా! ఏది ఏదియో తెలియుటకు ఎఱ్ఱ సిరాతో చుక్కలు పెట్టుకొనెను. అయినను రెండవ చరణమున ఒక మాట తప్పిపోయినది. తాళము కూడ జాఱినది. మేమందఱము వెనుకకు తిరిగి చూచితిమి. చివరి బల్లమీద కూర్చున్న అయ్యగారు సరిదిద్దలేదు. అతడు పాడిన తాళమునకే చేయి వేయుచు, మాతో కలసి పాడుచుండిరి.