రాత్రి డ్యూటీ ఎవరిది?

మంచాన పడ్డవాళ్ల ఇళ్లకే వెళ్లి చూసే సేవకు తెలంగాణలో ‘ఆలన’ అని పేరు. చేవెళ్ల దాటాక ఒక పల్లెకు, ఆ సేవ బండిలో నర్సుతో పాటు నేనూ వెళ్లాను. ఆమె చూసేవాళ్లలో ఎక్కువమంది క్యాన్సర్, పక్షవాతం రోగులే. మధ్యాహ్నం మేం ఆగిన ఇంట్లో మాత్రం మోటార్ న్యూరాన్ జబ్బు. జబ్బుపడ్డ ఇంటాయన సొంత లారీ నడుపుకున్న మనిషి.

మొదట చేతి పట్టు తప్పి గేరు పడలేదట. మెడ నరమన్నారు, పక్షవాతమన్నారు, పసరు మందు కట్టించారు. అసలు పేరు తెలిసేసరికి ఏడాది దాటింది. కండరాల్ని ఆడించే నరాల కణాలు వరసగా చచ్చిపోయే జబ్బు ఇది. చేతులు, కాళ్లు, మాట, మింగుడు, చివరికి ఊపిరి. లక్షణాలు కనబడ్డాక ఎక్కువమంది బతికేది రెండు నుంచి ఐదేళ్లు. 1995 నుంచీ వాడుకలో ఉన్న రిలుజోల్ మాత్ర దానికి కొన్ని నెలలు కలుపుతుంది, అంతే. స్పర్శ మాత్రం పోదు. ఈగ వాలితే తెలుస్తుంది, తోలుకోలేరు.

మేం మాట్లాడుతుండగా ఆయన కళ్లు గబగబా కొట్టుకున్నాయి. భార్య గోడకున్న అట్ట దించింది. దాని మీద వర్ణమాల. “క వరుసనా? చ వరుసనా?” కళ్లు పైకెత్తాడు. అంటే అవునని. మళ్లీ మొదట్నుంచి వేలు జరుపుతూ య వరుస దాకా వచ్చింది. “య? ర? ల? వ?” మళ్లీ కళ్లు లేచాయి. గుణింతాల జోలికి పోరు, అంత ఓపిక ఇద్దరికీ లేదు. “చెవి!” అంటూ తల కింద చెయ్యి పెట్టింది. పక్కకు తిప్పినప్పుడు చెవి మడతపడి కందిపోయింది.

“రాత్రి రెండు గంటలకోపాలి తిప్పాలె. మిషన్ సప్పుడు మారితె లేస్త, కరెంటు పోతె లేస్త” అంది. మిషన్ అంటే మాస్కుతో గాలి పంపే బైపాప్. దానికీ, ఉమ్మి లాగే సక్షన్ మిషన్‌కీ, ఇన్వర్టర్‌కీ కలిపి లారీ అమ్మేశారు. ఆయన్ని ట్రాలీ ఆటోలో పడుకోబెట్టి వైకల్యం ఉన్నట్టు సదరం సర్టిఫికెట్ తెచ్చుకున్నాక నెలకు 4,016 రూపాయల పింఛను వస్తోంది. కుట్టుపని మానేసిన ఆమెకు ఏ పద్దు కిందా ఏమీ రాదు.

గొంతుకు రంధ్రం పెట్టించి వెంటిలేటర్ మీద ఉంచుదామని కొడుకు పట్టు. వద్దని ఆయన అట్ట మీదే చెప్పాడట. నువ్వేమంటావని ఆమెను అడగడానికి నాకు నోరు రాలేదు. నర్సు అడిగింది.

“కొడుకు హైదరాబాద్‌ల ఉంటడు. మిషన్ కాడ ఉండేది నేను గద సిస్టర్.” కాసేపాగి, “మొన్న కోపంల ఓ మాట అన్న. ఆయన తిరిగి అనలేడు గద” అంది.

నర్సు ఓదార్చలేదు. నాకది నచ్చింది. బీపీ పట్టీ తీసి ఆమె చేతికే చుట్టింది. పైఅంకె 160 దాటింది. మాత్రలు ఎప్పుడో అయిపోయాయట, తెచ్చేవాళ్లు లేరట.

ఆడబిడ్డది పక్క వీధే. కబురు పెడితే వచ్చింది కానీ, మిషనంటే భయమని గడపలోనే నిలబడింది. ఉమ్మి లాగే గొట్టం ఎంతవరకు పెట్టాలో, ఎప్పుడు ఆపాలో నర్సు ఆమె చేతే చేయించింది. శనివారం రాత్రికి వస్తానంది. పొలం పని లేకుంటేనే అని ముందే చెప్పింది.