వేలిముద్ర వేయనన్న అత్తగారు

మావారు మిలటరీలో ఉన్నన్నాళ్ళూ నాకొక సౌకర్యం ఉండేది. ఏ పని చేయకపోయినా ‘ట్రాన్స్‌ఫర్లండీ, ఏం చేస్తాం!’ అని తప్పించుకోవచ్చు. ఎవరూ కాదనేవారు కాదు.

ఇంటర్‌లో నాకు లెక్కలు పోయాయి. మళ్ళీ కట్టేలోపే పెళ్ళయింది. జబల్‌పూర్, బరేలీ, జలంధర్... పెట్టెలు సర్దడం, విప్పడం. 1982లో మన రాష్ట్రంలో ఓపెన్ యూనివర్సిటీ పెట్టారని, దేశంలో అదే మొదటిదని నాన్న ఉత్తరం రాశారు. ఇంటర్ తప్పినా అర్హత పరీక్ష రాసి బి.ఏ.లో చేరవచ్చని కింద ఎర్ర సిరాతో గీత కూడా గీశారు. ‘హైదరాబాద్ వచ్చాక తప్పకుండా’ అని జవాబు రాశాను.

1990లో మావారు రిటైరయ్యారు. సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకున్నాం. పేరులోనే ఉంది కదా, మాజీ సైనికుల కాలనీ. అప్పట్లో ఎంత నిశ్శబ్దమో! కూరలకి ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్ దాకా వెళ్ళేదాన్ని. పొద్దుగూకితే ఇటు రావడానికి ఆటోవాళ్ళు బేరాలాడేవారు. ఇక ట్రాన్స్‌ఫర్లు లేవు. మరి నేను చదివానా? అబ్బే! అబ్బాయి పదో తరగతి, ఆవకాయల కాలం, ఆషాఢంలో మొదలుపెట్టకూడదు, శ్రావణంలో నోములు, ఆడపడుచు పురుడు. రెండుసార్లు దరఖాస్తు తెప్పించుకున్నాను. మొదటిది గడువు దాటిపోయింది. రెండోది అల్మరా అరలో పప్పు డబ్బాల కింద పరిచాను. నూనె పీలుస్తుందని!

పైగా నాకొక అలవాటుండేది. పక్కింటి పిల్లలకి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి కథ చెప్పేదాన్ని. ఎనిమిదేళ్ళకే పెళ్ళి, ఆ తరువాత ఉద్యమం, జైలు. బయటికొచ్చాక మెట్రిక్ కట్టి, లా దాకా చదివారని, చదువు ఆగిపోయిన ఆడవాళ్ళకోసం ఆంధ్ర మహిళా సభ కూడా పెట్టారని ఎంత బాగా చెప్పేదాన్నో! చెప్పేసి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

మా అత్తగారు చదువుకోలేదు. మావగారు రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి పోయారు. ఆ ఫ్యామిలీ పెన్షన్‌కి ప్రతి నవంబరులోనూ ‘బతికే ఉన్నాను’ అని బ్యాంకులో వేలిముద్ర వేసి రావాలి. తోడు నేనే. వేలికంటిన ఆ నీలం మరకని చీర చెంగు లోపల దాచుకుని ఇంటికొచ్చేవారు. రాగానే పెరట్లో చింతపండు పెట్టి తోమేవారు. అంతగా ఎందుకు తోముతున్నారో నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఆవిడది నెల్లూరు జిల్లా. 1992లో ఆ జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వెళ్ళి అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. పేపర్లన్నీ అదే రాశాయి. (అది అంతటితో ఆగలేదు, 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతా సారా ఆపేశారు.) ఆ వార్త నాచేత నాలుగుసార్లు చదివించుకుని, “కూలికెళ్ళొచ్చి వాళ్ళు పలక పట్టుకున్నారంటే, ఇంట్లో కూర్చున్న నాకేమొచ్చిందే? నాకూ నేర్పవే అమ్మాయ్” అన్నారు.

“రేపట్నుంచి మొదలుపెడదాం అత్తయ్యా” అన్నాను.

పలక కొన్నాను. ‘అ’ నుంచి ‘ఈ’ వరకు రాశాం. తరువాత అబ్బాయి పరీక్షలొచ్చాయి, చుట్టాలొచ్చారు. ఆవిడ పలక పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గర నిలబడితే, “ఈ పోపు కానివ్వండి” అనేదాన్ని. కొన్నాళ్ళకి ఆవిడ నిలబడటం మానేశారు. నిజం చెప్పొద్దూ, నాకు హాయిగానే అనిపించింది.

1993 నవంబరు. ఎప్పటిలాగే బ్యాంకుకి వెళ్ళాం. గుమాస్తా ఇంకు ప్యాడ్ ముందుకి తోశాడు. అత్తగారు దాన్ని వేలితో మెల్లగా వెనక్కి నెట్టి, “కలం ఇయ్యి నాయనా” అన్నారు. అతను నావంక చూశాడు. నేను ఆవిడవంక చూశాను. సంతకం మార్చాలంటే వేరే ఫారం నింపాలన్నాడు. నింపాం. నాలుగు చోట్ల సంతకం పెట్టారు. ఒక్కొక్క అక్షరానికీ నాలుక బయటపెట్టి, ఊపిరి బిగపట్టి, పావుగంట. వెనక వరుసలో వాళ్ళు విసుక్కున్నా తలెత్తలేదు. అక్షరాలు గీత దిగి జారాయి గానీ ఒక్క తప్పు లేదు.

ఆటోలో అడిగాను, ఎవరు నేర్పారని. మా పనిమనిషి కూతురట! మూడో తరగతి పిల్ల. తల్లి గిన్నెలు తోముతున్నంతసేపూ పెరట్లో జామచెట్టు కింద పాఠం. ఫీజు రోజుకో బెల్లం ముక్క. ఏడాదిగా నా ఇంట్లో, నా కిటికీ అవతల నడిచిన బడి నాకు తెలియలేదు.

ఆవిడ నన్నొక్క మాట అని ఉంటే బాగుండేది. అనలేదు. నేరేడ్‌మెట్ దాటాక మాత్రం, “నీ బియ్యే కాయితం ఏమయిందే?” అన్నారు, కూర ఏం వండావే అన్నంత మామూలుగా.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అబ్బాయి పరీక్షలు, పచ్చళ్ళు, పురుళ్ళు అన్నీ నిజమే, ఏదీ నేను కల్పించింది కాదు. కానీ వాటి వెనక ఇంకొకటుంది. మళ్ళీ తప్పుతానేమోనన్న భయం! అర్హత పరీక్షలో లెక్కలుంటాయేమో, తప్పితే కాలనీలో ఆఫీసర్ల భార్యలు ఏమనుకుంటారో... ‘తీరిక లేదు’ అంటే గౌరవంగా ఉంటుంది, ‘భయం’ అని ఎలా చెప్పను? దూబగుంట వాళ్ళకీ, మా అత్తగారికీ నాకన్నా తీరిక ఎక్కువేం కాదు. ఇంత జరిగినా, మర్నాడే లేచి పుస్తకం పట్టానంటే మీరు నమ్మొద్దు. ఇంకో నెల పట్టింది.

1994లో అర్హత పరీక్ష రాసి పాసయ్యాను. ఆదివారాలు క్లాసులకి వెళ్ళేదాన్ని. ఆ పూట మావారి ఉప్మా. (ఉండలు కట్టేది. అయినా ఏమీ అనేదాన్ని కాదు, అంటే మానేస్తారని.) ఇంగ్లీషు ఒకసారి తప్పాను. కాలనీలో ఎవరూ ఏమీ అనుకోలేదు. అసలు ఎవరికీ పట్టలేదు! ఇన్నేళ్ళూ దీనికా భయపడ్డాను అని నవ్వొచ్చింది. 1998లో బి.ఏ. పూర్తయింది. మార్కుల కాగితం మీద నా పేరు అత్తగారు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివారు. ఇంటిపేరు దగ్గర ఒత్తు పలకలేక రెండుసార్లు ఆగారు. అందించబోతే చెయ్యి ఎత్తి వద్దన్నారు.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఆ పనిమనిషి కూతురు ఇప్పుడు నర్సు. పండక్కి వచ్చినప్పుడు జామచెట్టు కింద కాసేపు కూర్చుని వెళుతుంది.

ఈ నాలుగు ముక్కలు మీకు రాయాలని సంక్రాంతి ముందే అనుకున్నాను. పండగ వెళ్ళనీ అనుకున్నాను. ఉగాది వెళ్ళింది. ఆవకాయ పెట్టాక అనుకున్నాను. ఇవాళ మూడో రోజు కలిపి, జాడీకి వాసెన కట్టి, చేతులకి కారం మంట తగ్గకుండానే కాగితం తీసుకుని కూర్చున్నాను.