ఏలేరు చేపా? కొల్లేరు చేపా?

పెద్దాపురంలో ఆదివారం పొద్దున్నే చేపలకు బయల్దేరినవాళ్లు ధరకంటే ముందు ఊరు అడుగుతారు. "ఎక్కడిదండీ ఇది? ఏలేరుదా, కాలవదా, చెరువుదా?" అమ్మే ఆమె కూడా ఆ ప్రశ్నకు సిద్ధంగానే ఉంటుంది. "కాలవదేనండి బాబూ, మొప్పలెత్తి చూసుకోండి" అంటుంది. మొప్పల ఎరుపు చేప తాజాదో కాదో చెబుతుంది గాని, ఏ నీళ్లలో పెరిగిందో చెప్పదు. ఆ సంగతి తేలేది పులుసు దించాకే. అయినా అడగడం మానరు, మానక్కర్లేదు కూడా. మంచినీటి చేప దగ్గర అడగవలసిన అసలు ప్రశ్న అదే.

ఆ ప్రశ్న పెద్దాపురంలో ఇంత గట్టిగా వినిపించడానికి కారణం ఊరు ఉన్న చోటు. ఇక్కడికి డెల్టా అయిపోయి మెట్ట మొదలవుతుంది. ఒకవైపు, పక్కనే ఉన్న సామర్లకోట దాకా ధవళేశ్వరం నుంచి గోదావరి నీళ్లు కాలువలో వస్తాయి. ఇంకోవైపు తూర్పు కనుమల్లో పుట్టిన ఏలేరు ఏలేశ్వరం దగ్గర జలాశయంలో ఆగి, అక్కణ్నుంచి పిఠాపురం వైపు సాగుతుంది. ఈ రెండూ చాలనట్టు కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు చెరువుల చేప ఐసు పెట్టెల్లో లారీ ఎక్కి వస్తుంది. ఒకే బజారులో మూడు నీళ్ల చేపలు పక్కపక్కన పడుంటే, నాలుక పోల్చి చూడకుండా ఎలా ఊరుకుంటుంది?

ముందు ఏలేరు. సుమారు 24 టీఎంసీల ఆ జలాశయం విశాఖ ఉక్కు కర్మాగారానికి నీళ్లివ్వడం కోసం పుట్టింది. చేపలకు మాత్రం అది మంచి ఇల్లు. అడవి గట్ల మధ్య లోతైన నీళ్లు. జలాశయాల్లో మత్స్యశాఖ వదిలేవి చెరువుల్లో వేసే బొచ్చె, శీలావతి, మోసు పిల్లలే. తేడా ఏమిటంటే, వదిలాక ఎవరూ మేత వేయరు. ఆ నీళ్లలో ఏది దొరికితే అది తిని, దొరకని రోజు పస్తుండి పెరగాలి. బొచ్చె పైనీటిలో తేలే సూక్ష్మజీవులను జల్లెడ పట్టుకు తింటుంది, శీలావతి నడిమి నీళ్లలో మేస్తుంది, మోసు అడుగున బురద వెతుకుతుంది. ఇలా కష్టపడి పెరిగిన బొచ్చె కండ గట్టిపడుతుంది, పొట్టలో కొవ్వు తక్కువ. పులుసులో ముక్క చెదరదు. బొచ్చె తలకాయ కోసం ప్రత్యేకంగా వెళ్లే వాళ్లకు జలాశయపు చేప దొరికిన రోజు పండగే.

కాలువ చేపది వేరే కథ. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేసిన ఆనకట్ట డెల్టాకు వరినిచ్చిందని అందరూ చెబుతారు. చేపనిచ్చిందని చెప్పేవాళ్లు తక్కువ. తలుపులెత్తి నీళ్లు వదిలినప్పుడు నీటితోపాటు నదిలో ఉన్నదంతా కాలువలోకి దిగుతుంది. వాలుగ, జెల్ల, పరిగె, మట్టగిడస, బొమ్మిడాయి, వీటిలో దేన్నీ ఎవరూ పెంచరు. సామర్లకోట కాలువ గట్టు మీద సాయంత్రాలు ఎర్ర గుచ్చిన గాలం వేసుకుని కూర్చునేవారికి బుట్ట నిండా దొరకకపోవచ్చు గాని, దొరికిన నాలుగూ నాలుగు రకాలు. రకాల సంగతికొస్తే ఇప్పటికీ కాలువదే పైచెయ్యి.

వేసవి వస్తే ఏటా మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. లాకుల దగ్గర, వంతెనల కింద మడుగుల్లో నీళ్లు మిగులుతాయి. చేపలన్నీ అక్కడికే చేరతాయి. పిల్లలు, పెద్దలు విసురు వలలు, ఊతలు పట్టుకుని దిగుతారు. ఆ పది పదిహేను రోజులూ కాలువ ఊళ్లలో చేపలు చవక. రుచి మాత్రం ఆ రోజుల్లో అంత గొప్పగా ఉండదు. ఆగిన నీళ్లలో, వేడికి, బురదలో ఉన్న చేప కదా. అదే వాలుగ ఆగస్టులో కొత్తనీటిలో పడితే దాని దారి వేరు.

ఇక కొల్లేరు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఈ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెస్తాయి, ఉప్పుటేరు సముద్రానికి తీసుకుపోతుంది. లంకల్లోని వడ్డీలు మావులు పెట్టి, వలలు వేసి పట్టిన కొర్రమీను, ఇంగిలాయి, మార్పు, బొమ్మిడాయి ఒకప్పుడు చుట్టుపక్కల జిల్లాలన్నిటికీ వెళ్లేవి. నాచు, తూడు అల్లుకున్న ఆ నీళ్లలో ప్రాణవాయువు తక్కువైనా ఇవి బతకగలవు, పైకొచ్చి గాలి పీల్చుకుంటాయి గనుక. కొర్రమీనును బజారులో బేసినులో ప్రాణంతో ఉంచి అమ్మడం కూడా అందుకే కుదురుతుంది.

1970ల చివర్లో ప్రభుత్వమే సహకార సంఘాల పేరిట సరస్సులో చేపల చెరువులు తవ్వించింది. తర్వాత డబ్బున్నవాళ్లు దిగారు, గట్లు పెరిగాయి, సరస్సు ముక్కలైంది. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో అభయారణ్యపు హద్దైన ఐదో కాంటూరు లోపలి చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఈ గొడవ ఇంకా తీరలేదు. అందుకని ఇవాళ బజారులో "కొల్లేరు చేప" అంటే చాలామటుకు సరస్సు చేప కాదు, సరస్సు చుట్టుపక్కల చెరువు చేప. పేరు పాతదే ఉంది, నీళ్లు మారాయి.

చెరువు చేపను తక్కువ చేసి మాట్లాడడం న్యాయం కాదు. 1957 జూలై 10న ఒడిశాలో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి ఇంజెక్షన్‌తో మన పెద్ద చేపల చేత గుడ్లు పెట్టించకపోతే, పిల్లల కోసం ఇంకా వరద గోదావరిలో వెతుక్కుంటూ ఉండేవాళ్లం. ఆ పద్ధతిని ఆంధ్ర రైతు పట్టుకున్నంతగా ఎవరూ పట్టుకోలేదు. పిల్లను ఏడాదిపాటు ఇరుకు చెరువులో చిన్నగానే ఉంచి, తర్వాత పెద్ద చెరువులో వదిలి వేగంగా పెంచడం, చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు నింపి కర్రలకు కట్టి మేపడం ఇక్కడి రైతులు చేసి చూసి నిలబెట్టిన పద్ధతులు. కిలో చేప ఈవేళ మామూలు కుటుంబానికి అందుతోందంటే అది వాళ్ల చలవ.

కానీ రుచి? అక్కడే చిక్కు. చెరువు నీళ్లు పచ్చగా ఉండాలని పేడ, కోళ్ల ఎరువు, సూపర్ ఫాస్ఫేటు వేస్తారు. ఆ పచ్చదనమే చేపకు తిండి. అది మితిమీరితే నీలిఆకుపచ్చ నాచు పెరుగుతుంది. ఆ నాచూ, మట్టిలోని కొన్ని సూక్ష్మజీవులూ జియోస్మిన్ అనే పదార్థాన్ని వదులుతాయి. తొలకరి చినుకు పడ్డప్పుడు నేలనుంచి లేచే కమ్మటి వాసన కూడా దానిదే. 1965లో శాస్త్రజ్ఞులు దానికి పేరు పెట్టారు. గ్రామును నూరు కోట్ల భాగాలు చేసి అందులో పది భాగాలు లీటరు నీళ్లలో కలిపినా మనిషి ముక్కు పసిగడుతుంది. చేప దాన్ని మొప్పల గుండా పీల్చుకుని కొవ్వులో దాచుకుంటుంది. కొవ్వు ఎక్కువున్న పొట్ట ముక్కలో మట్టివాసన ఎక్కువ వేయడానికి కారణం ఇది. తొలకరిలో మనసుకు హాయిగా అనిపించే వాసనే పులుసులో తగిలితే ముద్ద దిగదు.

దీనికి విరుగుడు రెండు చోట్ల ఉంది. ఒకటి రైతు చేతిలో. పట్టే ముందు చేపను కొన్నాళ్లు మేత లేకుండా శుభ్రమైన నీళ్లలో ఉంచితే వాసన మెల్లగా పోతుంది. ఖర్చు, బరువు తగ్గడం చూసుకుని చాలామంది ఆ పని చేయరు. రెండోది వంటింట్లో. పులుపు తగిలితే జియోస్మిన్ విరిగి వాసన లేని పదార్థంగా మారుతుంది. రాళ్లుప్పు, పసుపు, నిమ్మకాయ వేసి ముక్కలు రుద్ది కడగడం, చింతపండు చిక్కగా పిండడం గోదావరి ఇల్లాళ్లు ఏ ప్రయోగశాలా చెప్పకుండానే చేస్తూ వస్తున్న పని. మన దగ్గర మంచినీటి చేపకు వేపుడు కంటే పులుసు ఎక్కువ నప్పడం ఊరికే కాలేదు.

కలకత్తాలోనూ ఇదే వాదన నడుస్తుంది. లారీల్లో వెళ్లే ఆంధ్ర శీలావతి లేకపోతే అక్కడి బజారు నడవదు. అయినా బెంగాలీ గృహస్థు దాన్ని బయటి సరుకు కిందే లెక్కకట్టి, స్థానికంగా ప్రాణంతో దొరికే చేపకే ఎక్కువ ధర ఇస్తాడు. 2018లో ఫార్మాలిన్ భయంతో అస్సాం ప్రభుత్వం మన చేపను కొద్దిరోజులు ఆపేసింది కూడా. ఎక్కువ పండించినంత మాత్రాన మంచి పేరు రాదని ఆ ఏడాది లారీల వాళ్లకు బాగా అర్థమైంది.

పులస ప్రస్తావన లేకుండా గోదావరి చేపల మాట పూర్తికాదు గాని, దాన్ని ఈ పోటీలో కూర్చోబెట్టడం సరికాదు. అది సముద్రపు చేప. గుడ్లు పెట్టడానికి జూలై నుంచి ఎర్రనీటికి ఎదురీదుతూ నదిలోకి వస్తుంది. యానాం వేలంలో ఒక్క చేప 20 వేలు దాటి పలికిన సందర్భాలున్నాయి. ఒడిశా నుంచో, బెంగాల్ నుంచో వచ్చిన అదే జాతి చేపను ఐసులోంచి తీసి గోదావరి పులసగా అమ్మడమూ ఉంది. జాతి ఒకటే అయినా తిన్నవాళ్లు తేడా కనిపెడతారు. అంటే ఇక్కడా నీళ్లే తీర్పు చెబుతున్నాయి. అయితే పులసకు ధవళేశ్వరం దగ్గర బ్యారేజీ అడ్డం. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ మొదలయ్యాక అలహాబాద్ దాకా పోయే ఈ చేప అక్కడ అరుదైపోయింది. ఆనకట్టలు చేపల దారి మూస్తున్నాయని మత్స్య శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డే 1873 నివేదికలోనే రాశాడు. ఇప్పుడు పోలవరం స్పిల్‌వేలో చేపలు ఎక్కడానికి మెట్లదారి కట్టారు. ఆ దారి ఉపయోగపడాలంటే ముందు చేప ధవళేశ్వరం దాటాలి.

తెలంగాణవాళ్లు తమ కుంటల కొర్రమీనును తక్కువ చేయనివ్వరు. దాన్ని రాష్ట్ర చేపగా చేసుకున్నారు, మృగశిర కార్తె నాడు దానికోసం బజారులో బారులు తీరతారు. ఎండకు నీళ్లు తగ్గిన కుంటలో బలిసిన కొర్రమీను రుచికి సాటిలేదన్న వాళ్ల మాటను గోదావరివాళ్లు కూడా ఒప్పుకోవచ్చు. ముల్లు తక్కువ, కండ తెల్లన.

అయితే రోజువారీ తిండికి పెద్దాపురం బజారులో ఏది ముందు? తీర్పు ఇవ్వక తప్పదంటే, ఏలేరు బొచ్చెకు మొదటి పీట. వరద రోజుల్లో కాలువ వాలుగ, బొమ్మిడాయి దానితో సమానం. వేసవి మడుగు చేప, పచ్చనీళ్ల చెరువు చేప వాటి తర్వాతే. మంచి నీళ్లతో నడిపిన చెరువు చేప దొరికితే దానికీ వంక పెట్టలేం.

ఈ వరసలో కాలువ చేప స్థానమే ఇప్పుడు ప్రమాదంలో ఉంది. కాలువల్లోకి పట్టణాల మురుగు దిగుతోంది. పురుగుమందు కలిసిన పొలాల నీళ్లు డ్రెయిన్లలోకి పోతున్నాయి. వీటికి తోడు కాలువ కట్టేసిన రోజుల్లో కొందరు మడుగుల్లో బ్లీచింగు పొడి, పురుగుమందు చల్లి చేపలు పడుతున్నారు. పెద్దదీ పిల్లదీ అంతా తేలిపోతుంది, మరుసటి ఏడాదికి తల్లి చేప మిగలదు. నీళ్లలో విషం కలిపి చేపలు పట్టడం 1897 నాటి భారత మత్స్య చట్టం కిందే నేరం, రెండు నెలల దాకా జైలు. పట్టుకునేవాళ్లు లేనప్పుడు కొనేవాళ్లయినా అడ్డుపడాలి. ఏప్రిల్, మే నెలల్లో కాలువ చేప గుట్టలుగా, అగ్గువగా కనిపిస్తే ఎలా పట్టారో అడగండి. వలతో పట్టామని నిబ్బరంగా చెప్పలేని చేపను, ఎంత చవగ్గా ఇచ్చినా, ఇంటికి తేవద్దు.