నా చేతికి 34 అంగుళాలు ఎక్కువ

నా ల్యాప్‌టాప్‌లో ఒక ఎక్సెల్ షీట్ ఉంది. దానికి "సంత" అని పేరు పెట్టుకున్నా. ఈ రోజుకి అందులో 143 బాస్ గిటార్లు ఉన్నాయి. ఎవరు చేశారు, ఏ సంవత్సరం, ఏ కర్ర, ఎన్ని తీగలు, బరువెంత, అమ్మకానికి ఎంత చెప్పారు, ఎన్నాళ్లకి అమ్ముడైంది, ఇలా పదకొండు కాలమ్స్. ఈ 143లో నేను చేత్తో ముట్టుకున్నవి సున్నా. మా రూమ్మేట్ దీన్ని చూసి "పెళ్లి సంబంధాల లిస్టులా ఉందే" అంది. నిజమే, కాకపోతే సంబంధాలైతే మధ్యవర్తి ఎవరో ఒకరు ఉంటారు. వీటికి నేనే మధ్యవర్తిని, నేనే పెళ్లికూతుర్ని.

బాస్ అంటే ఏంటో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. స్టేజీ మీద నాలుగు లావు తీగల గిటార్ పట్టుకుని వెనక నిలబడతారు చూడండి, ఫొటోల్లో సగం కట్ అయిపోతారు, వాళ్లు. బాస్ ఆగితే పాటలో ఏదో పోయిందని అందరికీ తెలుస్తుంది, ఏం పోయిందో మాత్రం చెప్పలేరు. అనుమానముంటే ఇళయరాజా పాట ఏదైనా మంచి హెడ్‌ఫోన్స్‌తో పెట్టుకుని, పాడేవాళ్లని వదిలేసి కింద నడిచే గొంతుని మాత్రమే వినండి. అక్కడ ఇంకో పాట నడుస్తూ ఉంటుంది. నేను బాస్‌లో పడింది అలా విన్నాకే.

1951లో లియో ఫెండర్ ప్రెసిషన్ బాస్ అమ్మడం మొదలుపెట్టాడు. అంతకుముందు బాస్ అంటే మనిషంత ఎత్తుండే డబుల్ బాస్. దానికి ఫ్రెట్‌లు, అంటే మన వీణలో మెట్లు, ఉండవు. చెవిని నమ్ముకుని వేలు పెట్టాలి. ఫెండర్ ఫ్రెట్‌లు పెట్టాడు కాబట్టి స్వరం కరెక్ట్‌గా పడుతుంది, అందుకే ప్రెసిషన్ అనే పేరు. తీగ మోగే పొడవు 34 అంగుళాలు పెట్టాడు. ఆ అంకె అలా నిలిచిపోయింది. ఈ రోజుకీ షాపులో ఏ బాస్ తీసినా చాలావరకు 34 అంగుళాలే.

నా గొడవంతా ఆ అంకెతోనే. 34 అంగుళాల బాస్ మీద 1వ ఫ్రెట్ నుంచి 4వ ఫ్రెట్‌కి దూరం దాదాపు 13 సెంటీమీటర్లు. ఒక వేలికి ఒక ఫ్రెట్ అనే పద్ధతిలో వాయించాలంటే చూపుడు వేలికీ చిటికెన వేలికీ మధ్య అంత చాచాలి. నేను స్కేలు పెట్టి కొలిచా. నొప్పి లేకుండా నా చెయ్యి 11 దాకా వస్తుంది. మిగతా 2 సెంటీమీటర్లు మణికట్టు తిప్పి తెచ్చుకోవాలి. ఫస్టియర్‌లో క్లబ్ బాస్‌తో రోజుకి రెండు గంటలు అలా తెచ్చుకున్నా. సెకండియర్ మొదలయ్యేసరికి ఎడమ చేత్తో వాటర్ బాటిల్ మూత తియ్యడం కూడా కష్టమైంది. ఫిజియోథెరపీ ఆవిడ మూడు వారాలు ముట్టుకోవద్దంది. బ్యాండ్‌లో వాళ్లు మంచి మనసుతోనే, "కీబోర్డ్‌కి వచ్చేయ్, ఎడమ చేత్తో బాస్ నోట్స్ నొక్కేయొచ్చు కదా" అన్నారు. మంచి మనసుతో అన్న మాట అంత మండుతుందని నాకు తెలీదు.

ఆ మూడు వారాల్లోనే సంత షీట్ పుట్టింది. వాయించడానికి లేదు కాబట్టి చదవడం మొదలుపెట్టా. చదివేకొద్దీ ఒకటి అర్థమైంది. ఈ లోకంలో అరుదైన బాస్‌లు అనబడేవాటిలో చాలావాటి వెనక, షాపులో ఉన్నది సరిపోక విసిగిపోయిన ఒక మనిషి ఉన్నాడు.

ఆంథనీ జాక్సన్‌నే తీసుకోండి. గిటార్‌కి ఆరు తీగలున్నప్పుడు బాస్ గిటార్‌కి నాలుగే ఎందుకుండాలి అని ఆయన వాదన. చేసిపెట్టమని చాలా చోట్ల అడిగాడు. చివరికి న్యూయార్క్‌లో కార్ల్ థాంప్సన్ అనే ఆయన 1975లో ఆరు తీగలది చేసిచ్చాడు. తీగల మధ్య జాగా చాల్లేదు. మళ్లీ వేరే చోట చేయించాడు. తర్వాత బ్రూక్లిన్‌లో ఫొడెరా వాళ్ల దగ్గర ఏళ్లతరబడి ఒకదాని తర్వాత ఒకటి చేయిస్తూ పోయాడు. చివరికి ఆయన పొడవు 34 కూడా కాదు, 36 అంగుళాలకి వెళ్లాడు. నాకు ఆ అంకె చూస్తేనే మణికట్టు లాగింది.

దీనికి ఎదురు కథ స్టాన్లీ క్లార్క్‌ది. ఆరడుగుల పైన ఉండే మనిషి, డబుల్ బాస్ వాయించే పెద్ద చేతులు. ఆయన చేతిలో పేరుపొందిన అలెంబిక్ బాస్ పొడవెంతో తెలుసా? 30.75 అంగుళాలు. షార్ట్ స్కేల్! పొట్టి బాస్ అంటే పిల్లలది, నేర్చుకునేవాళ్లది అని మన దగ్గర గిటార్ షాపుల్లో ఒక చులకన ఉంటుంది కదా. 1976లో వచ్చిన 'స్కూల్ డేస్' ఆల్బమ్ విని ఆ మాట అనమనండి చూద్దాం. నేనైతే ఆ వివరం కనిపించిన రాత్రి మా డ్రమ్మర్‌కి పదకొండున్నరకి ఫోన్ చేసి చెప్పా. వాడు "సరే, పడుకో" అన్నాడు.

అలెంబిక్ పుట్టుక కూడా అలాంటిదే. 1969లో కాలిఫోర్నియాలో, గ్రేట్‌ఫుల్ డెడ్ బ్యాండ్‌కి సౌండ్ బాగుచెయ్యడం కోసం చేరిన మనుషులు వాళ్లు. ముందు ఉన్న గిటార్లు విప్పి లోపలి సర్క్యూట్లు మార్చారు. తర్వాత సొంతంగా చెయ్యడం మొదలెట్టి, 1972లో మొదటి బాస్ జాక్ కసాడీకి ఇచ్చారు. ఇంగ్లండ్‌లో వాల్ అని ఇంకొకటి ఉంది. ఇయాన్ వాలర్, పీట్ స్టీవెన్స్ ఇద్దరూ కలిసి చేసేవాళ్లు. వాల్‌లో ఒక్కో తీగకీ విడివిడిగా కాయిల్స్ ఉంటాయి, ఒక్కో పికప్‌కీ దానిదైన లో-పాస్ ఫిల్టర్ ఉంటుంది. ఈసీఈ ఫ్రెండ్ దగ్గర సిగ్నల్స్ పుస్తకం తెచ్చుకుని మరీ చదివా. కటాఫ్ దగ్గర గెయిన్ కాస్త పైకి లేపితే ఆ తీగ మనిషి గొంతులా "వావ్" అంటుంది. మా సిలబస్‌లో ఇలాంటి ఉదాహరణ ఒక్కటి పెట్టి ఉంటే సగం క్లాసు నిద్రపోయేది కాదు. వాలర్ 1988లో పోయాడు, స్టీవెన్స్ 2011లో. పాల్ హెర్మన్ అనే ఆయన ఇప్పుడు దాన్ని నడుపుతున్నాడు. కొత్తది కావాలంటే ఏళ్లకి ఏళ్లు లైన్లో ఉండాలి. అందుకే పాతవాటి ధర అంత.

ధర విషయంలో నా షీట్ నేర్పింది ఒకటి చెప్తా. ఒకరి కోసం చేయించిన బాస్ మామూలుగా చేయించిన ధరకి అమ్ముడుపోదు, చాలా తక్కువకి పోతుంది. జాకెట్టులాగే. లక్షణమైన పట్టు, మంచి పనితనం, కానీ కొలతలు ఇంకొకరివి. ఆయనకి తీగల మధ్య అంత ఎడం ఇష్టం, ఆయనకి మెడ అంత సన్నగా ఉండాలి, ఆయన పేరు పన్నెండో ఫ్రెట్ దగ్గర ముత్యపుచిప్పతో పొదిగించుకున్నాడు. మీకెందుకది? అయితే చేసినవాళ్లు చనిపోయినా, లైను మరీ పొడుగైనా, లేదా వాయించినవాళ్లకి పేరొచ్చినా లెక్క తిరగబడుతుంది. అప్పుడు ఆ కొలతలు ఎవరికీ సరిపోవాల్సిన పనిలేదు. గోడకి తగిలిస్తే చాలు.

ఇక్కడే నాకు కలెక్టర్ల మీద కోపం వస్తుంది, వచ్చిన కాసేపటికే తగ్గిపోతుంది కూడా. ది హూ బ్యాండ్‌లో జాన్ ఎంట్విజిల్ ఇంటినిండా బాస్‌లు పెట్టుకున్నాడు. 2002లో ఆయన పోతే మరుసటి ఏడాది లండన్‌లో సదబీస్ వేలంలో అవన్నీ చెల్లాచెదురైపోయాయి. వాటిలో బాగా పేరున్నది ఏంటనుకుంటున్నారు? వజ్రాలు పొదిగింది కాదు. ఐదు విరిగిన ఫెండర్లలోంచి పనికొచ్చే ముక్కలు ఏరి 1967లో అతికించుకున్న 'ఫ్రాంకెన్‌స్టైన్'. రష్ బ్యాండ్ గెడ్డీ లీ అయితే తన కలెక్షన్ మీద 2018లో పెద్ద పుస్తకమే వేశాడు, 250కి పైగా బాస్‌లు. ఆయన ఏళ్లతరబడి వాయించిన నల్ల జాజ్ బాస్ మాత్రం అమెరికాలో కాలమజూ అనే ఊళ్లో తాకట్టు కొట్టులో 200 డాలర్లకి కొన్నది. అన్ని ఉండి కూడా చెయ్యి అటే పోయిందన్నమాట. అయినా ఇలాంటివాళ్లు స్క్రూ దగ్గర్నుంచి ఫొటో తీసి పెట్టకపోతే, విజయనగరంలో పుట్టిన నాకు వాల్ లోపల ఏముందో తెలిసేదా? అందుకే తిట్టలేను.

మా అమ్మమ్మకి ఈ సంగతులు చెప్తుంటే ఆవిడకి ఆశ్చర్యం లేదు. ఇంట్లో బొబ్బిలి వీణ ఉంది మరి. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో చేస్తారు, ఒకే పనసమానులోంచి కుండ, దండి అన్నీ కలిపి తొలుస్తారు. అతుకు ఉండదు, అందుకే ఏకాండి వీణ అంటారు. నేను "అమ్మమ్మా, ఖరీదైన బాస్‌లలో నెక్-త్రూ అని ఉంటుంది, మెడ కర్ర కిందిదాకా ఒకటే" అని గొప్పగా చెప్తే, "ఒకటే అంటావు, మళ్లీ పక్కలకి రెక్కలు అతికిస్తారంటావు, మరి ఒకటే ఎలాగవుద్దే?" అంది. నా దగ్గర సమాధానం లేదు. గాజు గదిలో పెట్టి తాళం వేసే బాస్‌ల గురించి చెప్పినప్పుడు మాత్రం కాస్త మౌనంగా ఉంది. ఆవిడ వీణకి మేళం కట్టించి పన్నెండేళ్లయింది, మైనం పగిలి మెట్లు కదులుతున్నాయి. తీసి తుడిచి మళ్లీ గుడ్డ కప్పుతుంది అంతే. ఆ ఫోన్ కాల్ అక్కడితో ఆగింది.

కొనడానికి దగ్గరగా వచ్చింది ఒక్కసారే. విదేశంలో ఒకాయన వాడిన షార్ట్ స్కేల్, చేత్తో చేసినది, నా లెక్కకి అందేంత దగ్గర్లో ధర. అడగాల్సినవన్నీ అడిగా. బరువు? 3.6 కిలోలు, బ్రహ్మాండం (5 కిలోలది గంటసేపు భుజాన వేసుకున్నవాళ్లకి తెలుస్తుంది). మెడ నిటారుగా ఉందా, లోపలి ట్రస్ రాడ్ ఇంకా తిరుగుతుందా, సర్క్యూట్ ఒరిజినలేనా, వెనక మూత తీసి టంకం అతుకుల ఫొటో పంపగలరా. ఆయన ఓపిగ్గా అన్నీ పంపాడు. చివర్లో ఫింగర్‌బోర్డ్ ఏ కర్ర అంటే బ్రెజిలియన్ రోజ్‌వుడ్ అన్నాడు. కథ ముగిసింది. ఆ చెట్టు 1992 నుంచి సైటీస్ మొదటి పట్టికలో ఉంది, పర్మిట్లు లేకుండా దేశం దాటకూడదు. 2017 జనవరిలో అయితే రోజ్‌వుడ్ జాతి మొత్తాన్నీ రెండో పట్టికలో పెట్టారు, మన ఇరుగుడు చెట్టుతో సహా. 2019 చివర్లో తయారైపోయిన వాద్యాలకి మినహాయింపు ఇచ్చారు గానీ బ్రెజిల్‌ది మాత్రం అలాగే ఉంది. మన అడవుల్లో పెరిగే ఇరుగుడు ఎన్ని దేశాల గిటార్ల మీద ఫింగర్‌బోర్డ్ అయి కూర్చుందో అప్పుడే చదివి తెలుసుకున్నా.

దాంతో ఇంకొకరి జాకెట్టు వద్దనుకున్నా. సమ్మర్ ఇంటర్న్‌షిప్ స్టైపెండ్, స్కూల్ పిల్లలకి పైథాన్ చెప్పిన డబ్బులు కలిపి 61 వేలు ఉన్నాయి. నాన్న "ల్యాప్‌టాప్ మార్చుకోవచ్చు కదమ్మా" అన్నారు, కానీ ఆపలేదు. బెంగళూరులో చిన్న వర్క్‌షాప్ పెట్టుకుని గిటార్లు చేసే ఒకాయన ఉన్నారని సీనియర్ అక్క చెప్పింది. మొత్తం 85 వేలు అవుతుందన్నారు, అడ్వాన్స్ 30 వేలు.

నేను ఫిల్టర్లు, కాయిల్స్, కర్రల పేర్లు అన్నీ రెండు పేజీలు రాసి పంపా. ఆయన వాటి గురించి ఒక్క మాట మాట్లాడలేదు. కన్నడ కలిసిన తెలుగులో, "అమ్మా, ముందు స్కేల్ పక్కన చెయ్యి పెట్టి ఫొటో పంపండి, రెండు చేతులూనూ" అన్నారు. తర్వాత కూర్చుని వాయిస్తారా, నిలబడా? వేళ్లతోనా, పిక్‌తోనా? గోళ్లు పెంచుతారా? ఏ పాటలు? ఆఖరి ప్రశ్నకి నేను స్టాన్లీ క్లార్క్ అనబోయా. కానీ నిజానికి మా బ్యాండ్ వాయించేది పాత తెలుగు సినిమా పాటలు, ఫ్రెషర్స్ డేకి రెండు కొత్తవి. అదే చెప్పా. "అయితే లోపల అంత సర్క్యూట్ వద్దమ్మా, ఒక పికప్ చాలు, ఆ డబ్బు మెడకి పెడదాం" అన్నారు. నా రెండు పేజీలూ అలా పోయాయి. ఒకటిన్నర రోజు అలిగి, తర్వాత సరే అన్నా. 30 అంగుళాలకి 1 నుంచి 4వ ఫ్రెట్ దూరం 11.4 సెంటీమీటర్లు. చాలు.

జనవరి చివరికి ఇస్తామన్నారు. ఫెస్ట్ ఫిబ్రవరిలో. అప్పటిదాకా క్లబ్ బాస్‌కి 2వ ఫ్రెట్ దగ్గర కేపో బిగించి, తీగల్ని ఒక స్వరం కిందకి దించి వాయిస్తున్నా. 34ని రెండు యొక్క 12వ మూలంతో రెండుసార్లు భాగించి చూడండి, 30.3 వస్తుంది. చూడ్డానికి బాగోదు, తీగలు కాస్త వదులుగా కొట్టుకుంటాయి, కానీ రోజుకి నలభై నిమిషాలు నొప్పి లేకుండా గడుస్తోంది. కీబోర్డ్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

నిన్న రాత్రి ఆయన మెడ కర్ర ఫొటో పంపారు. ఇంకా చెక్కలేదు, పెన్సిల్ గీతలు మాత్రమే ఉన్నాయి. కింద ఒక ప్రశ్న: బ్రిడ్జి దగ్గర తీగకీ తీగకీ మధ్య 19 మిల్లీమీటర్లా, 17 ఆ? ల్యాబ్ రికార్డ్ పక్కన పడేసి, క్లబ్ బాస్ ఒళ్లో పెట్టుకుని, కుడిచేతి రెండు వేళ్లతో చాలాసేపు అటూ ఇటూ నడిచా. పన్నెండు దాటాక 18 అని పంపించా.