గేర్‌బాక్స్ విప్పే చేతులు

"గేర్‌బాక్స్ విప్పుతున్నారు, వచ్చి చూడు మామయ్యా" అని మా మేనల్లుడు ఫోన్ చేస్తే మూసాపేట వెళ్లాను. మెయిన్ రోడ్డు మీంచి సందులోకి తిరిగితే టింకరింగ్ షెడ్లు, టైర్ల కొట్లు, వాటి మధ్య ఈ షెడ్డు. లోపల చాలా కార్లే ఉన్నాయి. నేను మాత్రం ఉన్నంతసేపూ ఒకే బల్ల దగ్గర నిలబడిపోయాను. బల్ల మీద గేర్‌బాక్స్, దాని ముందు మేస్త్రీ గారు.

కారు స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 230. మన దేశానికి 2017లో వచ్చింది. 230 అంటే హార్స్‌పవర్. వేగం కోసం చేసిన కారే గానీ మావాడు రోజూ నిజాంపేట నుంచి గచ్చిబౌలి ఆఫీసుకు దాంట్లోనే వెళ్తాడు. ఐకియా సర్కిల్ దగ్గర అరగంట నత్తనడక, ఏ ఆదివారం తెల్లవారుజామునో అవుటర్ రింగ్ రోడ్డు మీద కాస్త పరుగు. ఈ రెండిటికీ గేర్‌బాక్స్ ఒక్కటే.

ఆ గేర్‌బాక్స్ పేరు డీక్యూ250. 6 గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల (డ్యుయల్ క్లచ్) ఆటోమేటిక్. 2003లో మొదటిసారి వచ్చినప్పుడు అది మోసే టార్క్ 350 న్యూటన్ మీటర్లన్నారు. డీజిల్ బళ్ల కోసం తర్వాత కొంత గట్టిపరిచారు. ఈ కారు ఇంజన్ టార్క్ కూడా సరిగ్గా 350. కంపెనీ ఇచ్చినట్టే నడిపితే ఇబ్బంది లేదు. కానీ ఇలాంటి కారు కొన్న కుర్రాళ్లు మొదట చేయించేది ఇంజన్ రీమ్యాప్. ల్యాప్‌టాప్ తగిలించి ప్రోగ్రామ్ మారిస్తే టార్క్ 400 దాటుతుంది. ఒక పూట పని. మావాడూ అదే చేయించాడు. పెరిగిన బరువంతా మోయాల్సిన క్లచ్ గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదు. యూట్యూబ్ వీడియోల్లోనూ అంతే, పవర్ ఎంత పెరిగిందన్న గ్రాఫ్ చూపిస్తారు తప్ప క్లచ్ ప్లేటు చూపించరు.

మాన్యువల్ కారులో క్లచ్ ఒకటి, అది మన ఎడమ కాలి కింద ఉంటుంది. ఈ గేర్‌బాక్స్‌లో క్లచ్‌లు రెండు, ఒకదాని లోపల ఒకటి. బయటిది 1, 3, 5 గేర్లనూ రివర్స్‌నూ చూసుకుంటుంది. లోపలిది 2, 4, 6. మూడో గేర్లో పోతుంటే నాలుగోది ముందే సిద్ధంగా ఉంటుంది. ఒక క్లచ్ వదులుతూ ఉండగా రెండోది పట్టుకుంటుంది. ఆ వదలడం, పట్టుకోవడం ఆయిల్ ప్రెషర్‌తో జరుగుతాయి. ప్రెషర్ ఎప్పుడెంత ఇవ్వాలో నిర్ణయించేది మెకట్రానిక్ అనే భాగం. వాల్వులు, కంప్యూటరు కలిపి ఒకే ముద్దగా గేర్‌బాక్స్‌లోనే ఉంటాయి.

మేస్త్రీ గారు విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకున్న మనిషి. లారీ గేర్‌బాక్స్‌లు విప్పి, కడిగి, బిగించిన చేతులవి. ఆ చేతులే ఇప్పుడు మెకట్రానిక్ తీసే ముందు పక్కనున్న ఇనుప వైస్‌ను ఒకసారి తాకుతున్నాయి. ఒంట్లో ఉన్న స్టాటిక్ కరెంటు పిన్నుల్లోకి పోతే కంప్యూటరు పాడవుతుందట. నేను చూసినంతసేపూ ఆ తాకడం ఒక్కసారీ మరవలేదాయన.

పాత క్లచ్ ప్లేట్లు ఒక ట్రేలో వేసి ఉన్నాయి. ఒకటి తీసి నా చేతికిచ్చారు. ముట్టుకుంటే అంచు నున్నగా ఉంది, ఆయిల్ పారే గాళ్లు దాదాపు అరిగిపోయాయి. వాటి మధ్య ఉండే స్టీలు ప్లేట్ల మీద నీలం మచ్చలు. ఎక్కడ జారిందో, ఎక్కడ కాలిందో అన్నీ ఆ మచ్చల్లో ఉన్నాయన్నారు. "ఇది అవుటర్ మీద కాలింది కాదండీ, ట్రాఫిక్‌లో కాలింది" అన్నారు. ముందు బండి అంగుళం కదలగానే మనమూ బ్రేకు కాస్త వదిలి అంగుళం జరుపుతాం. అప్పుడు క్లచ్ పూర్తిగా పట్టదు, పూర్తిగా వదలదు. జారుతూనే ఉంటుంది, ఆయిల్ కాగుతూనే ఉంటుంది. బ్రేకు పూర్తిగా తొక్కితే క్లచ్ విడిపోతుంది. అందుకే కాస్త ఖాళీ రానిచ్చి అప్పుడు ఒక్కసారిగా కదలమని మావాడికి చెప్పారు.

కొత్త క్లచ్ ప్యాకులో ఫ్రిక్షన్ ప్లేట్లు ఎక్కువ. వాటిని ముందు ఆయిల్లో నానబెట్టారు. తర్వాత బిగింపు. ఒక సర్‌క్లిప్ వేసి, డయల్ గేజ్ నిలబెట్టి, ముల్లు సున్నాకు తెచ్చి, హబ్‌ను రెండు చేతులతో పైకి లాగి ప్లే ఎంతుందో చూశారు. చాక్‌పీసుతో బల్ల మీద రాసుకున్నారు. మళ్లీ లాగారు, మళ్లీ రాశారు. లెక్క కుదిరాక చిన్న డబ్బాలోంచి తగిన మందం ఉన్న సర్‌క్లిప్ ఏరారు. తేడా మిల్లీమీటరులో వంతులు. పక్కన నిలబడ్డ కుర్రాడు ఏదో అడగబోతే చేత్తోనే ఆగమన్నారు. ముల్లు కుదురుకున్నాకే మాట్లాడారు.

ఆయన బాధ ఆ డబ్బా గురించే. "ఇది మన దగ్గర కొనలేదండీ, బయటి దేశం నుంచి తెప్పించా. ఏ కంపెనీ బండైనా ఇదే తంతు. ఆయిలు ఇస్తారు, ఫిల్టరు ఇస్తారు. లోపలి ముక్క అడిగితే గేర్‌బాక్స్ మొత్తం కొనమంటారు." మావాడికీ వేరే ఒక చోట అదే చెప్పారట, మొత్తం మార్చాలి, లక్షల్లో అవుతుంది అని. అరిగింది క్లచ్ ప్లేట్లు. గేర్లకు పన్ను కూడా చెదరలేదు. బల్ల మీద నా కళ్లముందే ఉన్నాయవి. వాటిని పాత ఇనుము కింద జమకట్టమని చెప్పగలిగినవాళ్ల మీద నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఇది రాస్తున్నప్పుడూ తగ్గలేదు.

ఇది కొత్త గొడవేం కాదు. విడిభాగాలూ, లోపాలు పట్టే పరికరాలూ బయటి మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నారని కాంపిటిషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. అవి బయటి మార్కెట్లో దొరకాలని చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం రిపేరు హక్కు కోసం ఒక పోర్టల్ తెరిచింది, అందులో వాహనాలూ ఉన్నాయి. ఇంత జరిగినా మూసాపేట మేస్త్రీ ఒక సర్‌క్లిప్ కోసం విదేశీ కొరియర్ వైపు చూస్తున్నాడు. జరిమానా కాగితం మీద ఎంతుంటే ఏం లాభం, ముక్క చేతికి రాకపోతే?

లారీ గేర్‌బాక్స్ రోజుల్లో పక్కనున్న కుర్రాడు చూసి నేర్చుకునేవాడు. విప్పితే అంతా కంటికి కనపడేది. ఇప్పుడు సగం పని కంప్యూటర్లో ఉంది. ఆ సగం తాళం వేసి పెడితే కుర్రాడు నేర్చుకునేది నట్లు విప్పడం, గేర్‌బాక్స్ మొత్తం మార్చడం మాత్రమే. ఆటోనగర్లు కట్టింది చూసి నేర్చుకున్న మనుషులు. వాళ్ల తర్వాతి వరసకు ఆ అవకాశం లేకుండా చేస్తున్నాం.

గేర్‌బాక్స్ కారుకెక్కించిన రోజు మళ్లీ వెళ్లాను. కింద నుంచి ఆయిల్ నింపి, ఇంజన్ స్టార్ట్ చేసి, మేస్త్రీ గారు ల్యాప్‌టాప్‌లో ఉష్ణోగ్రత చూస్తూ కూర్చున్నారు. 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉండగానే లెవెల్ చూడాలి. డ్రెయిన్ రంధ్రంలో చిన్న ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది, ఎక్కువైన ఆయిల్ దాని మీంచి పొర్లి కిందికొస్తుంది. ధార సన్నబడి చుక్కలుగా మారగానే బోల్టు బిగించారు. ఆ తర్వాత బేసిక్ సెట్టింగ్. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో గేర్‌బాక్స్ కంప్యూటరు మళ్లీ నేర్చుకుంటుంది. పెరిగిన టార్క్‌కు తగ్గట్టు ప్రెషర్ ప్రోగ్రామ్ కూడా మార్చారు. "ప్లేట్లు మార్చకుండా ప్రెషర్ ఒక్కటే పెంచితే కొన్నాళ్లే" అన్నారు. రేసు కోసమైతే ఇంకా కరకుగా పట్టేది పెట్టొచ్చట. రోజూ నడిపే బండికి అది వద్దని, రివర్స్‌లో కుదుపు లేకుండా వచ్చేదాకా సరిచేస్తూ పోయారు.

ప్రభుత్వానికీ కార్ల కంపెనీలకూ ఒక మాట. మోటార్ మెకానిక్ ట్రేడ్ ఉన్న ప్రతి ఐటీఐ బల్ల మీద పిల్లలు విప్పి బిగించడానికి ఒక డ్యుయల్ క్లచ్ గేర్‌బాక్స్ పెట్టండి. స్క్రాప్‌కు పోయేవాటిలో ఒకటిచ్చినా చాలు. కార్లున్నవాళ్లకు నాదొక మనవి. సర్వీసు పుస్తకం తీసి గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడు మార్చారో చూడండి, డీక్యూ250కి 60,000 కిలోమీటర్లకొకసారి మార్చాలి. ఇంజన్ పవర్ పెంచాలనుకుంటే ముందు క్లచ్ సంగతి అడగండి. గేర్‌బాక్స్ మొత్తం మార్చాలని ఎవరైనా అంటే లోపల ఏ ముక్క పోయిందో కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వకపోతే సంతకం పెట్టకండి.